రగ్బీ రిఫరీకి మైదానం మీద పట్టు, ఆటగాళ్ల గౌరవం: మొదటి నుంచి చివరి దాకా ఏం చేయాలి

పదిహేను మంది చొప్పున ముప్పై మంది ఒకరినొకరు ఒడిసిపట్టి నేలకూల్చే ఆటలో, చేతిలో ఈల తప్ప మరేమీ లేని ఒక్క మనిషి మాటను అందరూ ఎలా వింటారన్నది కొత్తగా రిఫరీలవుతున్న పాఠకులు పదేపదే అడుగుతున్న ప్రశ్న. హైదరాబాద్‌లో స్కూలు, కాలేజీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) మ్యాచ్‌లకు ఈల పట్టిన పీఈటీలూ అడుగుతున్నారు, ఇంగ్లండ్‌లోనో న్యూజిలాండ్‌లోనో పిల్లల జట్టుకు రిఫరీ దొరక్క తామే మైదానంలోకి దిగుతున్న తెలుగు తల్లిదండ్రులూ అడుగుతున్నారు.

తర్వాతి ఈల దేనికి మోగుతుందో ముందే ఊహించగలిగిన ఆటగాళ్లు రిఫరీ మాట వింటారు. ఊహించలేనివారు ప్రతి నిర్ణయాన్నీ ప్రశ్నిస్తారు. గంభీరమైన గొంతు, జేబులోని కార్డులు ఆ తర్వాతి సంగతి. కింది పనులన్నీ మీ నిర్ణయాలు ఆటగాళ్ల ఊహకు అందేలా చేయడానికే ఉద్దేశించినవి. పదిహేను మంది ఆటను దృష్టిలో పెట్టుకుని రాశాను, సెవెన్స్‌కు తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

1. నిబంధనలను ఆట నడిచే క్రమంలో చదవండి

ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ నిబంధనలు మొత్తం 21. ఒకటి నుంచి వరుసగా బట్టీ పట్టినవారికి మైదానంలో సరైన నిబంధన సమయానికి గుర్తుకు రాదు. మీరు ఎక్కువసార్లు ఈల వేయాల్సి వచ్చే చోటి నుంచి మొదలుపెట్టండి: టాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి నేలకూల్చడం (14); రక్, అంటే నేల మీది బంతి కోసం రెండు జట్లవారూ నిలబడి నెట్టుకోవడం (15); ఆఫ్‌సైడ్, అంటే ఉండకూడనంత ముందుకు వచ్చి ఆడటం (10); ప్రమాదకరమైన ఆట (9); అడ్వాంటేజ్, అంటే తప్పు జరిగినా అవతలి జట్టుకు లాభం ఉంటే ఆట సాగనివ్వడం (7); స్క్రమ్, అంటే రెండు జట్ల ఎనిమిదేసి మంది వంగి, పట్టుకుని బంతి కోసం నెట్టుకోవడం (19); టచ్, లైనౌట్, అంటే బంతి పక్క గీత దాటడం, దాన్ని మళ్లీ లోపలికి విసరడం (18); పెనాల్టీ, ఫ్రీ కిక్ (20). బ్రాకెట్లలో ఉన్నవి నిబంధనల సంఖ్యలు. మిగిలినవి ఆ తర్వాత చదవండి.

మ్యాచ్ అధికారుల గురించి చెప్పే 6వ నిబంధనను మాత్రం వదలవద్దు. ఆట సాగుతున్నంతసేపు ఏం జరిగిందో, దానికి ఏ నిబంధన వర్తిస్తుందో తేల్చే ఏకైక వ్యక్తి రిఫరీయేనని అందులో ఉంది. రిఫరీ అధికారాన్ని గౌరవించడం, నిర్ణయంతో వాదించకపోవడం ఆటగాళ్ల బాధ్యత అని 9వ నిబంధన చెబుతుంది. ఈ రెండూ తెలిసి ఉంటే, వాదనకు దిగిన ఆటగాడి ముందు మీరు తడబడరు.

ఆ తర్వాత టోర్నమెంటు ప్రత్యేక నియమాలు చూడండి. పిల్లల మ్యాచ్‌లలో టాకిల్ ఎత్తు, స్క్రమ్‌లో నెట్టే దూరం, సగాల నిడివి వంటివి చోటును బట్టి మారుతుంటాయి. వీటిని నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. కోచ్ నోటిమాటగా చెప్పిన నియమంతో మైదానంలోకి దిగితే, రెండో కోచ్ మరో నియమం చెప్పగానే మీ దగ్గర జవాబుండదు.

2. ఒంటిని, గొంతును, సంచిని సిద్ధం చేసుకోండి

అలసిన రిఫరీ బంతికి దూరంగా ఉండిపోతాడు. ఇరవై మీటర్ల దూరం నుంచి ఇచ్చిన నిర్ణయం సరైనదే అయినా ఆటగాళ్లు నమ్మరు, పక్కనే నిలబడి ఇచ్చినదాన్ని తప్పయినా చాలామంది ఒప్పుకుంటారు. కాబట్టి ఆటగాళ్ల గౌరవం సంపాదించే పని మీ కాళ్ల దగ్గరే మొదలవుతుంది. తిన్నగా సాగే పరుగు కన్నా, ఇరవై ముప్పై మీటర్లు వేగంగా పరుగెత్తి, ఆగి, పక్కకు తిరిగి, మళ్లీ పరుగెత్తే సాధన ఎక్కువగా చేయండి.

ఈలను కూడా సాధన చేయాలి. నాకాన్‌కు (బంతి చేజారి ముందుకు పోతే) చిన్న ఈల, పెనాల్టీకి గట్టి, పదునైన ఈల, ట్రైకి (బంతిని ప్రత్యర్థి గోల్ గీత అవతల నేలకు ఆనిస్తే) పొడవైన ఈల, ఘర్షణకు అన్నింటికన్నా బిగ్గరగా మళ్లీ మళ్లీ వేసే ఈల. ఇలా తేడా చూపిస్తే, మీవైపు చూడకుండానే ఆటగాళ్లకు విషయం అర్థమవుతుంది.

సంచిలో ఉండాల్సినవి:

- రెండు ఈలలు, ఒకటి చేతికి, ఇంకొకటి జేబులో
- రెండు గడియారాలు, వాటిలో ఒకటి ఆట ఆగినప్పుడల్లా ఆపగలిగేది
- పసుపు, ఎర్ర కార్డులు వేర్వేరు జేబుల్లో
- స్కోరు, కార్డులు రాసే చిన్న అట్ట, రెండు పెన్సిళ్లు (వానలో పెన్ను పనిచేయదు)
- టాస్‌కు నాణెం
- రెండు రంగుల జెర్సీలు, ఎందుకంటే మీ జెర్సీ ఏ జట్టు రంగుతోనూ కలవకూడదు

3. మ్యాచ్‌కు ముందు గంటలో

కనీసం గంట ముందే చేరండి. మొదట మైదానమంతా నడవండి: గుంతలు, గాజు పెంకులు, గోల్‌పోస్టుల చుట్టూ మెత్తలు, గీతలు, జెండా కర్రలు చూసుకోండి. ఇది భద్రత కోసమే అయినా, వార్మప్ చేస్తున్న ఆటగాళ్లు మిమ్మల్ని చూస్తారు. మైదానాన్ని శ్రద్ధగా పరిశీలించిన రిఫరీ మ్యాచ్‌ను తేలిగ్గా తీసుకోడని వారికి అక్కడే తెలుస్తుంది.

తర్వాత ఇద్దరు కోచ్‌లనూ పలకరించండి. ఒకరితో రెండు నిమిషాలు, ఇంకొకరితో పది నిమిషాలు గడపవద్దు. పాత పరిచయస్తుడైన కోచ్ ఉంటే మరీ జాగ్రత్త: భుజం మీద చేయి వేసుకుని నవ్వుతూ మాట్లాడటాన్ని అవతలి జట్టు చూస్తే, మీ మొదటి పెనాల్టీకే వేరే అర్థం తీస్తారు.

ఫ్రంట్ రో ఆటగాళ్లతో, అంటే స్క్రమ్‌లో మొదటి వరుసలో ఉండే ముగ్గురితో, విడిగా మాట్లాడటం తప్పనిసరి. వారి స్థానాలలో ఆడటానికి శిక్షణ ఉన్నవారెవరో, మార్పులకు ఎవరున్నారో అడగండి. శిక్షణ ఉన్న ఫ్రంట్ రో ఆటగాళ్లు మిగలకపోతే పోటీ లేని (నెట్టుకోని) స్క్రమ్‌లు ఆడించాలి. ఆ సంగతి ముందే చెప్పి ఉంచితే మ్యాచ్ మధ్యలో వాదన ఉండదు. బూట్ల అడుగున మేకులు, కట్టుకున్న పట్టీలు కూడా అప్పుడే చూడండి.

క్లబ్‌లు ఇచ్చిన టచ్ జడ్జీలకు వారి పని స్పష్టంగా చెప్పండి: బంతి గీత దాటిందా, కిక్ పోస్టుల మధ్య నుంచి వెళ్లిందా, అంతే. ప్రమాదకరమైన ఆటను మీ దృష్టికి తేవడం నిర్వాహకులు నియమించిన సహాయ రిఫరీల పని.

టాస్ అయ్యాక కెప్టెన్లతో ఒక నిమిషం మాట్లాడండి. పాఠం చెప్పవద్దు. ఇంత చాలు: “కెప్టెన్, మీకు సందేహం ఉంటే ఆట ఆగినప్పుడు వచ్చి అడగండి, జవాబు చెబుతాను. మిగతావాళ్లు అడిగితే చెప్పను. టాకిల్ చేసినవాడు వెంటనే పక్కకు దొర్లాలి, ఈ రోజు దాన్ని మొదటి నిమిషం నుంచే చూస్తాను. తల మీద దెబ్బ తగిలిందని అనిపిస్తే ఆటగాణ్ని బయటికి పంపుతాను, దాని మీద చర్చ ఉండదు.” రెండు జట్లకూ ఇవే మాటలు, ఇదే వరుసలో చెప్పండి.

4. మొదటి పది నిమిషాలు

మ్యాచ్ అదుపు తప్పిందని చాలామంది రిఫరీలకు అరవయ్యో నిమిషంలో అర్థమవుతుంది. అది చేజారింది మాత్రం సాధారణంగా మొదటి పది నిమిషాల్లోనే. ఆ సమయంలో ఆటగాళ్లు మిమ్మల్ని పరీక్షిస్తారు: నేల మీద ఎంతసేపు పడుకోనిస్తారు, ఆఫ్‌సైడ్ గీత ముందుకు ఎన్ని అడుగులు జరగనిస్తారు, ఎంత గొణిగితే ఊరుకుంటారు. మీ జవాబు ఈలలోనే ఉండాలి.

అన్నింటికన్నా ముందు టాకిల్‌ను చక్కబెట్టండి. ఆటలో అదే ఎక్కువసార్లు జరుగుతుంది, గొడవలకు బీజం కూడా అక్కడే పడుతుంది. ప్రతి టాకిల్‌లోనూ ఒకే వరుసలో చూడండి:

- టాకిల్ చేసినవాడు వదిలి, పక్కకు దొర్లాడా
- కింద పడినవాడు బంతిని వెంటనే వదిలాడా, పక్కన పెట్టాడా
- బంతి కోసం వంగినవాడు తన కాళ్ల మీద నిలబడి ఉన్నాడా
- తర్వాత వచ్చేవారు తమవైపు నుంచి, వెనక నుంచి వచ్చారా
- ఆ తర్వాత తల ఎత్తి, రక్ చివరి పాదం దగ్గర ఆఫ్‌సైడ్ గీత

ఒక ఉదాహరణ. నాలుగో నిమిషం, సగం గీత దగ్గర రక్. నీలం జట్టు 6వ నంబరు ఆటగాడు టాకిల్ చేసి, ప్రత్యర్థి స్క్రమ్-హాఫ్ (రక్ నుంచి బంతి తీసి పాస్ చేసేవాడు) చేయి బంతి దగ్గరికి పోయే దారికి అడ్డంగా పడి ఉన్నాడు. “నీలం ఆరు, రోల్ అవే” అన్నారు. అతను రెండు చేతులూ పైకెత్తి తాను బంతిని ముట్టుకోవడం లేదన్నట్టు చూపించాడు గాని, ఒళ్లు అంగుళం కదపలేదు. చేతులెత్తడం చూసి వదిలేశారంటే, మరో అయిదు నిమిషాల్లో అవతలి ఫార్వర్డ్ ఒకడు (స్క్రమ్‌లో నెట్టే ఎనిమిది మందిలో ఒకడు) అతన్ని తన బూటుతో కదిలించడానికి ప్రయత్నిస్తాడు, అక్కడ మొదలైన గొడవను ఆపడానికి మీకు కార్డు కావాల్సి వస్తుంది. ఈల వేయండి, చేయి చూపండి, “నీలం ఆరు, దొర్లలేదు” అని మాత్రం అనండి. ఆ మ్యాచ్‌లో మిగిలిన పదిహేను మంది ఫార్వర్డ్‌లకూ పాఠం అందుతుంది.

రెండో జట్టు అదే తప్పు చేసినప్పుడు, అది ఎంత చిన్నగా కనిపించినా, మొదటిసారి అదే ఈల వేయండి. నిలకడ ఉన్న రిఫరీ అన్న పేరు ఆ రెండో ఈలతోనే వస్తుంది.

సెవెన్స్‌లో ఒక్కో సగం 7 నిమిషాలే కాబట్టి ఈ పని మొదటి రెండు మూడు టాకిల్స్‌లోనే అయిపోవాలి.

5. మాట: ఎంత, ఎప్పుడు, ఎవరితో

తప్పు జరగబోయే ముందు చెప్పే చిన్న మాట ఆటను ఆగకుండా నడిపిస్తుంది. “రిలీజ్”, “రోల్ అవే”, “హ్యాండ్స్ ఆఫ్”, “వెనక్కి” వంటి రెండు ముక్కలు చాలు. బంతి స్పష్టంగా గెలుచుకుని రక్ వెనక సిద్ధంగా ఉన్నప్పుడు “యూజ్ ఇట్” అనండి. అక్కడి నుంచి 5 సెకన్లలో బంతి ఆడకపోతే స్క్రమ్ అవతలి జట్టుకు వెళ్తుంది.

అయితే ఈ మాటలకు హద్దు ఉంది. ప్రతి రక్‌లోనూ నాలుగు మాటలు అరుస్తూ ఉంటే ఆటగాళ్లు మీ గొంతును వినడం మానేస్తారు, పైగా మీరు చెప్పేదాకా తప్పు చేస్తూ ఉండొచ్చని అనుకుంటారు. ఒక్కసారే చెప్పండి, వినకపోతే ఈల వేయండి. అరగంట గడిచాక మీరు మాట్లాడే అవసరం తగ్గుతూ రావాలి. తగ్గడం లేదంటే, మాటలతో పని కానిచోట ఈల వేయడం లేదన్నమాట.

మన మైదానాల్లో పిలుపు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాలేజీ కుర్రాళ్లను “రేయ్”, “ఏంరా” అని పిలిచే అలవాటు చాలామంది పీఈటీలకు ఉంటుంది. క్లాసులో అది చెల్లుతుందేమో గాని, మైదానంలో మీ జట్టు పిల్లాడికి చనువుగా, అవతలి జట్టు పిల్లాడికి అవమానంగా వినిపిస్తుంది. అందరినీ రంగు, నంబరుతో పిలవండి: “ఎరుపు తొమ్మిది, వెనక్కి వెళ్లండి.” కెప్టెన్‌ను “కెప్టెన్” అనండి. పేరు తెలిసినా వాడవద్దు, ఎందుకంటే అవతలి జట్టు పేర్లు మీకు తెలియవు.

ఆటగాళ్లు మాత్రం మిమ్మల్ని “అన్నా, ఆఫ్‌సైడ్ అన్నా!” అంటూనే ఉంటారు. మొదటిసారికి కోపగించుకోనక్కర్లేదు. “చూస్తున్నాను, మీరు ఆడండి” అనండి. రెండోసారి ఆట ఆగినప్పుడు కెప్టెన్‌తో చెప్పండి: “మీ పన్నెండు నంబరు అప్పీళ్లు ఆపాలి. మీరు చెప్పండి.” ఆ పని కెప్టెన్ చేత చేయించడం వల్ల అతని మాటకు విలువ పెరుగుతుంది, మీ గొంతుకు శ్రమ తగ్గుతుంది. మూడోసారి పెనాల్టీ.

వేల్స్‌కు చెందిన నైజెల్ ఓవెన్స్ 2015 ప్రపంచకప్ ఫైనల్‌కు రిఫరీ, 2020 నవంబరులో వంద టెస్టు (అంతర్జాతీయ) మ్యాచ్‌లు పూర్తిచేసిన తొలి రిఫరీ. 2012లో ఒక మ్యాచ్‌లో తరచూ అరుస్తున్న ఆటగాణ్ని పిలిచి, మైదానంలో రిఫరీ తానేనని, ఇది ఫుట్‌బాల్ కాదని చెప్పిన దృశ్యాన్ని చాలామంది చూసే ఉంటారు. అందులో కొత్త రిఫరీలు చమత్కారాన్ని మాత్రమే పట్టుకుంటున్నారు. జాగ్రత్తగా వింటే అందులో మూడు పనులున్నాయి: ఎవరి పని ఏమిటో చెప్పడం, మళ్లీ చేస్తే ఏమవుతుందో చెప్పడం, అర్థమైందా అని అడగడం. ఆ మూడూ మీరూ చేయండి. చమత్కారం ఆయనకు దశాబ్దాల పేరు మీద చెల్లింది, మీ మూడో మ్యాచ్‌లో అది వెటకారంగా వినిపిస్తుంది.

6. నిలబడే చోటు, చేతి సంకేతం, అడ్వాంటేజ్

టాకిల్ దగ్గరికి మొదట చేరేవారిలో మీరూ ఉండాలి. బంతి మీద పోటీ తేలిందని తెలియగానే ఒక పక్కకు జరిగి, బ్యాక్‌లైన్ (వెనక వరుసగా నిలబడే ఆటగాళ్లు) మీకు కనిపించేలా నిలబడండి. స్క్రమ్-హాఫ్‌కు, అతని నుంచి బంతి అందుకునే ఫ్లై-హాఫ్‌కు మధ్య పాస్ వెళ్లే దారిలో నిలబడటం కొత్తవారు చేసే పొరపాటు.

ఈల వేశాక కదలవద్దు. ముందు చేయి: పెనాల్టీకి తిన్నగా చాచి ఏటవాలుగా పైకి, ఫ్రీ కిక్‌కు మోచేయి మడిచి, స్క్రమ్‌కు అడ్డంగా. తర్వాత తప్పు ఏమిటో చూపే సంకేతం. ఆ తర్వాత నాలుగైదు మాటల్లో కారణం. ఈ వరుస ఎప్పుడూ మారకూడదు. తొందరగా చేయి దించేసి నడిచిపోయే రిఫరీ తన నిర్ణయం మీద తనకే నమ్మకం లేనట్టు కనిపిస్తాడు.

అడ్వాంటేజ్‌లో గుర్తుంచుకోవాల్సినది ఒక్కటే: లాభం స్పష్టంగా, నిజంగా చేతికి రావాలి, లాభం వచ్చే అవకాశం ఉందంటే సరిపోదు. చేయి చాపి “అడ్వాంటేజ్ ఎరుపు” అనండి, ముగిసినప్పుడు “అడ్వాంటేజ్ అయిపోయింది” అని గట్టిగా చెప్పండి. ఈ రెండో మాట మరిచిపోవడం వల్లే వాదనలు వస్తాయి. స్క్రమ్ కూలినప్పుడు, తీవ్రమైన గాయం అనుమానం ఉన్నప్పుడు అడ్వాంటేజ్ ఉండదు, వెంటనే ఈల.

7. స్క్రమ్: ఇక్కడ తొందరపడితే మ్యాచ్ జారిపోతుంది

ఫ్రంట్ రో ఆటగాళ్ల పరువు స్క్రమ్‌లో ఉంటుంది. అక్కడ మోసపోయామని అనుకున్న ప్రాప్ (మొదటి వరుస చివర ఉండేవాడు) ఆ కోపాన్ని తర్వాతి రక్‌కు మోసుకొస్తాడు. అందుకే నిదానంగా నడపండి.

మొదట పాదంతో గుర్తు పెట్టండి. రెండు జట్లూ 30 సెకన్లలో సిద్ధం కావాలి. “క్రౌచ్” (వంగండి) అన్నాక అందరూ కదలకుండా ఆగేదాకా చూడండి, భుజాలు నడుము కన్నా కిందికి దిగకూడదు. “బైండ్” (పట్టుకోండి) అన్నాక ప్రాప్‌ల బయటి చేతులు చూడండి: చేయి ప్రత్యర్థి వీపు మీదో పక్కనో పూర్తిగా పట్టుకుని ఉందా, మోచేయి నేల వైపు వాలుతోందా. వాలుతుంటే స్క్రమ్ కూలబోతోంది. అప్పుడు “సెట్” (కలబడి నెట్టండి) అనకండి, లేపి మళ్లీ మొదలుపెట్టించండి. రెండు వైపులా నిశ్చలంగా ఉన్నాకే “సెట్”. మూడు మాటల మధ్య విరామం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. విరామం మారుతూ ఉంటే ఒక జట్టు ముందే దూకుతుంది, ఆ తప్పు సగం మీదే అవుతుంది.

స్క్రమ్ రెండుసార్లు కూలితే ఇద్దరు కెప్టెన్లనూ, ఇద్దరు ప్రాప్‌లనూ పిలిచి మీరు చూసినది చెప్పండి: “మీ బైండ్ చేతి మీద పడుతోంది, వీపు మీద పట్టండి.” మూడోసారి శిక్షించండి. ఎవరి తప్పో తెలియనప్పుడు ఊహించి పెనాల్టీ ఇవ్వవద్దు. మళ్లీ వేయించి, రెండో వైపుకు వెళ్లి నిలబడి చూడండి. స్కూలు స్థాయిలో భద్రత మీద సందేహం ఉంటే పోటీ లేని స్క్రమ్‌లకు మారడంలో మొహమాటం అక్కర్లేదు.

8. హెచ్చరిక నుంచి కార్డు దాకా మెట్లు

ఒకే జట్టు ఒకే రకం తప్పు పదేపదే చేస్తుంటే ఈ వరుసలో వెళ్లండి:

1. ఆట సాగుతుండగా చిన్న మాట
2. పెనాల్టీ, కారణం
3. మరో పెనాల్టీ, ఈసారి కెప్టెన్‌ను పిలిచి మాట్లాడటం
4. బహిరంగ హెచ్చరిక: గడియారం ఆపి, రెండు జట్లకూ కనిపించేలా, “మీ జట్టు నుంచి రక్‌లో తర్వాతి తప్పు ఎవరు చేసినా పసుపు కార్డు”
5. పసుపు కార్డు: ఆటగాడు 10 నిమిషాలు బయట (సెవెన్స్‌లో 2 నిమిషాలు)

నాలుగో మెట్టు ఎక్కాక అయిదోదాన్ని దాటవేయవద్దు. హెచ్చరిక ఇచ్చిన వెంటనే అదే తప్పు జరిగి, “పోనీలే, ఫలానా ఆటగాడు మంచివాడు” అని వదిలేస్తే, ఆ నిమిషం నుంచి మీ హెచ్చరికలకు విలువ ఉండదు. కాబట్టి చేయగలరన్న నమ్మకం ఉంటేనే హెచ్చరించండి.

ప్రమాదకరమైన ఆటకు ఈ మెట్లు వర్తించవు. తల మీద దెబ్బ, గాలిలో ఉన్న ఆటగాణ్ని పడగొట్టడం, ఎత్తి తలకిందులుగా పడేయడం వంటివాటికి మొదటి నిమిషంలోనైనా కార్డే.

9. కార్డు చూపే పద్ధతి

ఆటగాణ్ని, కెప్టెన్‌ను మిగతావారికి దూరంగా పిలవండి. గడియారం ఆపండి. ముందు మీ అట్ట మీద నంబరు, సమయం రాయండి. ఆ పది సెకన్లు అందరి ఉద్రేకాన్నీ, మీదాన్ని కూడా తగ్గిస్తాయి. మీరు చూసినది ఒక వాక్యంలో చెప్పండి, ఫలితం చెప్పండి, కార్డు చూపండి. వేలు ఆడించవద్దు, నవ్వవద్దు, క్షమాపణ చెప్పవద్దు. అదే ఆటగాడికి రెండో పసుపు అంటే ఎర్ర కార్డు.

తలకు తగిలిన సందర్భాల్లో వరల్డ్ రగ్బీ పద్ధతిలోని నాలుగు ప్రశ్నలను అదే వరుసలో అడగండి: తలకు తగిలిందా? అది నిబంధనకు విరుద్ధమైన ఆటా? ప్రమాదం ఎంత? తీవ్రతను తగ్గించే కారణం ఏదైనా ఉందా? కింది స్థాయిలో వీడియో ఉండదు, అయినా ఈ ప్రశ్నలను వినిపించేలా చెప్పుకుంటూ పోతే మీ నిర్ణయం ఎక్కడి నుంచి వచ్చిందో కెప్టెన్‌కు అర్థమవుతుంది.

2023 ప్రపంచకప్ ఫైనల్ ఇందుకు మంచి ఉదాహరణ. వృత్తిరీత్యా న్యాయవాది అయిన వేన్ బార్న్స్ రిఫరీగా ఉన్న ఆ మ్యాచ్‌లో న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కు చూపిన పసుపు కార్డు వీడియో పరిశీలన తర్వాత ఎర్ర కార్డయింది. దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలీసికి చూపినది పసుపుగానే ఉండిపోయింది. ఇద్దరూ కెప్టెన్లే, రెండూ తలకు తగిలిన సంఘటనలే, ఫలితాలు వేరు. దాని మీద అభిమానులు ఎంతో వాదించారు. అయినా రెండింటికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో వేసిన సంగతి మాత్రం స్పష్టం. పద్ధతి ఒకటైనప్పుడు ఫలితాలు వేరైనా నిలబడి చెప్పుకోగలరు.

కార్డుతో సంబంధం లేకుండా, తల అదిరిందన్న అనుమానం ఉన్న ఆటగాణ్ని బయటికి పంపండి. కింది స్థాయి ఆటలో అతను ఆ రోజు మళ్లీ ఆడకూడదు. కోచ్ బతిమాలినా, ఆ ఆటగాడే బాగున్నానన్నా మెత్తబడవద్దు. వైద్యుడు చెప్పకపోయినా గాయపడిన ఆటగాణ్ని పంపే అధికారం మీకుంది.

10. ఘర్షణ మొదలైతే

1. ఈల బిగ్గరగా, మళ్లీ మళ్లీ వేయండి. మధ్యలోకి దూరవద్దు, చేయి వేసి ఎవరినీ లాగవద్దు.
2. నాలుగైదు అడుగులు వెనక్కి వేసి, మొత్తం కనిపించేలా నిలబడండి. మొదట కొట్టినవాడు, మూడోవాడిగా దూరినవాడు, పరుగెత్తుకొచ్చినవాడు ఎవరో నంబర్లు గుర్తుపెట్టుకోండి.
3. శాంతించాక రెండు జట్లనూ ఎడంగా పంపి, కెప్టెన్లను వారివారి జట్ల దగ్గరే ఉండమనండి.
4. సహాయ రిఫరీలుంటే వారితో మాట్లాడండి. ఆటగాళ్లకు వీపు చూపి మాట్లాడవద్దు.
5. ఇద్దరు కెప్టెన్లనూ, శిక్షించాల్సిన ఆటగాళ్లనూ మాత్రమే పిలవండి. కార్డులు చూపండి.
6. పెనాల్టీ ఎవరికో నిర్ణయించండి. మొదట తప్పు చేసిన జట్టుకు వ్యతిరేకంగా ఇచ్చిన పెనాల్టీని, అవతలి జట్టు దానికి ప్రతీకారంగా చేయి చేసుకుంటే తిప్పి ఇవ్వొచ్చు. ఇది ముందే తెలిసిన జట్లు సాధారణంగా చేయి ఎత్తవు.
7. ఆట మొదలయ్యాక మొదటి రెండు రక్‌ల దగ్గర చాలా దగ్గరగా ఉండండి.

ఇద్దరికీ సమానంగా కార్డులిస్తే న్యాయంగా కనిపిస్తుందన్న ఆలోచన తప్పు. ఒకడే కొడితే ఒకడికే ఇవ్వండి. నిర్దోషిని బయటికి పంపితే రెండు జట్లూ మిమ్మల్ని నమ్మడం మానేస్తాయి.

11. గొణుగుడు, బయటి నుంచి అరుపులు

పెనాల్టీ ఇచ్చాక వాదించినా, బంతి విసిరేసినా, పది మీటర్లు వెనక్కి వెళ్లకపోయినా గుర్తును (పెనాల్టీ తీసుకునే చోటును) మరో 10 మీటర్లు ముందుకు జరిపే అధికారం ఉంది. ఒక్కసారి, మొదటి సగంలోనే, ప్రశాంతంగా వాడండి. జరిపేటప్పుడు ఏమీ అనవద్దు, నడిచి వెళ్లి కొత్త చోట పాదం పెట్టండి. ఆ పది మీటర్ల దూరం కొడితే మూడు పాయింట్లొచ్చే చోటికి తీసుకెళ్తుందని తెలిసిన జట్టు తన ఆటగాణ్ని తానే అదుపు చేసుకుంటుంది.

కోచ్ అరుస్తుంటే నేరుగా జవాబివ్వవద్దు. ఆట ఆగినప్పుడు జట్టు మేనేజర్‌ను పిలిచి, గట్టిగా కాకుండా, కళ్లలోకి చూస్తూ చెప్పండి. తల్లిదండ్రులైతే ఆతిథ్య క్లబ్ లేదా స్కూలు బాధ్యులకు అప్పజెప్పండి. వారు ఆ పని చేసేదాకా ఆట ఆపి ఉంచే హక్కు మీకుంది. పిల్లల మ్యాచ్‌లలో ఇది నిర్భయంగా వాడాల్సిన హక్కు.

12. తరచూ జరిగే పొరపాట్లు, సవరణ

తప్పు నిర్ణయానికి పరిహారంగా అవతలి జట్టుకు ఒకటి ఇవ్వడం. ఆటగాళ్లు దీన్ని వెంటనే పసిగడతారు. ఇప్పుడు వారి లెక్కలో మీరు ఒకసారి కాదు, రెండుసార్లు తప్పు చేశారు. కెప్టెన్ అడిగితే “అది నాకు కనబడలేదు” అని ఒప్పుకుని, ఆట ముందుకు నడపండి.

కంటపడిన ప్రతిదానికీ ఈల వేయడం. తప్పు స్పష్టమైనదేనా, ఆట మీద ప్రభావం చూపిందా అని అడగండి. బంతి అప్పటికే అవతలి చివరికి వెళ్లిపోతే, రక్‌లో మిగిలినవాడి చిన్న తప్పును మాటతో సరిచేయండి.

ఓడుతున్న జట్టు మీద జాలి. స్కోరు 40 దాటాక ఆఫ్‌సైడ్ గీతను వదిలేస్తే, గెలుస్తున్న జట్టు చిరాకుపడుతుంది, చివరి పది నిమిషాల్లో గాయాలవుతాయి.

వివరణ ఎక్కువైపోవడం. ఒక వాక్యం తర్వాత రెండోది మొదలుపెట్టారంటే మీరు వాదనలో ఉన్నట్టే. “కెప్టెన్, చెప్పాను. ఆడదాం.”

అలసట వల్ల దూరం. అరవయ్యో నిమిషం తర్వాత అప్పీళ్లు హఠాత్తుగా పెరిగితే, ఆటగాళ్లను తప్పుబట్టే ముందు మీరెక్కడ నిలబడుతున్నారో చూసుకోండి.

13. చివరి ఈల తర్వాత

మైదానం వదలి తొందరగా వెళ్లవద్దు. 2015 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా 35–34తో స్కాట్లాండ్‌ను ఓడించిన వెంటనే రిఫరీ క్రెయిగ్ జూబెర్ పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. ఆయన చివర్లో ఇచ్చిన పెనాల్టీ బదులు స్క్రమ్ ఇవ్వాల్సిందని వరల్డ్ రగ్బీ తర్వాత ప్రకటించింది. నిర్ణయం మీద వచ్చిన విమర్శకు సమానంగా ఆ పరుగు మీదా విమర్శ వచ్చింది. నిర్ణయం ఎలాంటిదైనా, ఇద్దరు కెప్టెన్ల చేతులూ కలిపి, ఆటగాళ్ల మధ్య నుంచే నడిచి రండి.

కోపంగా ఉన్న కోచ్ వస్తే “పావుగంట తర్వాత మాట్లాడదాం” అని, ఆ సమయానికి నిజంగా వెళ్లండి. ఆటగాళ్ల మీద జోకులు, అభిమానులతో ఫొటోలకు ఫోజులు, సామాజిక మాధ్యమాల్లో మ్యాచ్ గురించి వ్యాఖ్యలు వద్దు.

అదే సాయంత్రం, జ్ఞాపకం చెదరకముందే రాసుకోవాల్సినవి:

- ఎర్ర కార్డు ఇస్తే నివేదిక: సమయం, స్కోరు, మీరు నిలబడిన చోటు, చూసినది; అభిప్రాయాలు వద్దు
- మొదటి పది నిమిషాల్లో రెండు జట్లకూ ఏ తప్పుకు ఈల వేశారు, దేన్ని వదిలేశారు
- కెప్టెన్ ఎన్నిసార్లు వచ్చి అడిగారు, ఏ విషయం మీద ఎక్కువసార్లు అడిగారు

మూడో ప్రశ్నకు వచ్చిన జవాబే తర్వాతి మ్యాచ్‌కు మీరు సాధన చేయాల్సిన విషయం. టాకిల్ గురించి ఎక్కువగా అడిగి ఉంటే, వచ్చే వారం ఏదైనా జట్టు శిక్షణకు వెళ్లి, కోచ్ అనుమతితో అరగంట పాటు టాకిల్స్ మాత్రమే రిఫరీ చేయండి. స్క్రమ్ గురించి అడిగి ఉంటే, అనుభవమున్న ప్రాప్ ఒకరి పక్కన కూర్చుని, బైండ్‌లో తాను ఏం చేస్తాడో, ఎందుకు చేస్తాడో చెప్పించుకోండి. వారంతట వారు చెప్పరు గాని, అడిగితే చాలా నిజాయితీగా చెబుతారు.